తక్కువ బడ్జెట్‌లో హుషారైన సెకండ్ హ్యాండ్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్: వెతకడం నుంచి ఆర్‌సీ చేతికొచ్చేదాకా

"నాలుగు నుంచి ఏడు లక్షలున్నాయి, ఆఫీసుకీ ఇంటికీ పనికిరావాలి, ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద నడిపితే మజా రావాలి. ఏ పాత కారు కొనాలి?" ఈ ప్రశ్న చాలామంది అడుగుతున్నారు. కారు పేరు ఒక్కటే చెబితే సరిపోదు. ఒకే మోడల్లో ఒక కారు ప్రాణంలా ఉంటుంది, ఇంకోటి ఏడాదంతా షెడ్డులోనే ఉంటుంది.

నేను గట్టిగా నమ్మేది ఒకటే. ఎక్కువ పవర్ ఉండి అరిగిపోయిన కారు కంటే, పవర్ కాస్త తక్కువైనా బాగా చూసుకున్న కారులోనే అసలు మజా ఉంటుంది. షాక్ అబ్జార్బర్లు కారిపోయి, సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌లు చిట్లి, టైర్లు రాయిలా గట్టిపడితే 145 పీఎస్ (ఇంజిన్ పవర్ కొలత) కారు కూడా మలుపులో భయపెడుతుంది. కింది అడుగులన్నీ మంచి కండిషన్‌లో ఉన్న కారును పట్టుకోవడం కోసమే. వరుస మార్చకండి.

## 1. ముందు మీ వాడకం తేల్చుకోండి

కారు చూడ్డానికి వెళ్లకముందే ఈ ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాసుకోండి.

- రోజూ ట్రాఫిక్‌లో ఎంతసేపు? అమీర్‌పేట, బెంజ్ సర్కిల్ లాంటి చోట్ల రోజూ గంట దాటితే డ్రై క్లచ్ ఆటోమేటిక్ (ఆయిల్‌లో మునగని పొడి క్లచ్ ప్లేట్లతో తనంతట తానే గేర్లు మార్చే గేర్‌బాక్స్) జోలికి వెళ్లకండి.
- వెనక సీట్లో పెద్దవాళ్లు రోజూ కూర్చుంటారా? పోలో వెనక సీటు ఇరుకు. బాలెనో, ఐ20, ఆల్ట్రోజ్‌లలో చోటు బాగుంటుంది.
- మీ ఊళ్లో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ గానీ, ఆ ఇంజిన్ తెలిసిన మెకానిక్ గానీ ఉన్నారా? లేకపోతే ప్రతి చిన్న రిపేరుకూ వంద కిలోమీటర్లు తిరగాలి.
- ఇంట్లో ఇదొక్కటే కారా? అయితే స్పేర్ పార్ట్ కోసం నెల ఆగాల్సిన మోడల్ వద్దు.

చివరి ప్రశ్నను చాలామంది దాటేస్తారు. తర్వాత ఎక్కువగా బాధపడేది కూడా వాళ్లే.

## 2. డబ్బును ముందే మూడు భాగాలు చేయండి

చేతిలో ఉన్న డబ్బంతా కారుకే పెట్టకండి. ఆరు లక్షలుంటే నేను ఇలా విడగొడతాను:

- కారు ధర: 5 లక్షలు
- మొదటి నెల పనులు (సర్వీసు, టైర్లు, బ్రేకులు, సస్పెన్షన్): 75 వేలు
- ఇన్సూరెన్స్, పేరు మార్పిడి: 25 వేలు

పాత కారు ఎంత బాగున్నా నాలుగు టైర్లు, ఒక బ్యాటరీ, ఆయిళ్లన్నీ మార్చడం మామూలే. 15, 16 అంగుళాల మంచి టైర్లు నాలుగింటికే పాతిక, ముప్పై వేలు అవుతుంది. ఆ డబ్బు పక్కన లేకపోతే అరిగిన టైర్లతోనే తిరుగుతారు, కొన్న మజా అక్కడే పోతుంది.

ఇన్సూరెన్స్‌లో ఒక చిన్న లెక్క ఉంది. 2022లో ఖరారైన థర్డ్ పార్టీ రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ మధ్య కారుకు 3,416 రూపాయలు. 1.0 లీటర్ టర్బో ఇంజిన్లు (గాలిని ఒత్తిడితో లోపలికి పంపి పవర్ పెంచేవి) 998, 999 సీసీ కాబట్టి పవర్ ఎక్కువున్నా తక్కువ రేటులోనే వస్తాయి.

## 3. జాబితాలో ఏ కార్లు ఉండాలి

ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ. 2013లో వచ్చిన 1.2 లీటర్ టర్బోకు 105 పీఎస్, 175 ఎన్‌ఎమ్ టార్క్ (లాగే బలం). గేర్‌బాక్స్ 7 స్పీడ్ డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) మాత్రమే. హైవే మీద అతుక్కుపోయినట్టు వెళ్తుంది. 2020లో దీని స్థానంలో 110 పీఎస్ 1.0 టీఎస్‌ఐ వచ్చింది. ఇందులో 6 స్పీడ్ మాన్యువల్ గానీ, మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ గానీ ఉంటాయి. 2022లో పోలో ఆగిపోయింది. బడ్జెట్ అందితే 1.0 టీఎస్‌ఐ మాన్యువల్‌కే నా ఓటు.

మారుతి బాలెనో ఆర్‌ఎస్. 2017 నుంచి 2020 వరకు అమ్మారు. 1.0 బూస్టర్‌జెట్, 102 పీఎస్, 150 ఎన్‌ఎమ్, 5 స్పీడ్ మాన్యువల్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. బరువు 950 కిలోలే కావడంతో పికప్ అదిరిపోతుంది. ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. బ్రేకులకు సాయపడే వాక్యూమ్ పంపులో లోపం ఉండొచ్చని 2016 అక్టోబర్ నుంచి 2019 నవంబర్ మధ్య తయారైన బాలెనో ఆర్‌ఎస్‌లను మారుతి 2023లో వెనక్కి పిలిచింది. ఛాసిస్ నంబర్ ఇచ్చి ఆ పని పూర్తయిందో లేదో సర్వీస్ సెంటర్‌లో అడగండి.

మారుతి స్విఫ్ట్, 2018 తర్వాతి మోడల్. దీనికి టర్బో లేదు. 1.2 ఇంజిన్, 83 పీఎస్. 2021 నుంచి 2024లో కొత్త మోడల్ వచ్చేదాకా 90 పీఎస్. బరువు సుమారు 900 కిలోలే కాబట్టి చురుగ్గా తిరుగుతుంది. పార్టులు ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతాయి. మొదటిసారి పాత కారు కొనేవాళ్లకు దీనికి మించినది లేదు.

ఫోర్డ్ ఫిగో, ఫ్రీస్టైల్. 1.2 మూడు సిలిండర్ల ఇంజిన్‌కు 96 పీఎస్. స్టీరింగ్, సస్పెన్షన్ సెట్టింగ్ ఈ ధరలో చాలా గొప్పగా ఉంటాయి. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. సర్వీస్ దొరుకుతుంది కానీ, బాడీ పార్టులకు ఆగాల్సి రావచ్చు. ధర తక్కువగా ఉండటానికి కారణం అదే.

హ్యుందాయ్ గ్రాండ్ ఐ10 నియోస్ టర్బో. 2020లో వచ్చింది. 100 పీఎస్, 172 ఎన్‌ఎమ్, మాన్యువల్. చిన్న కారు, బలమైన ఇంజిన్. తక్కువ అమ్ముడుపోయింది కాబట్టి కాస్త వెతకాలి.

టాటా ఆల్ట్రోజ్ ఐటర్బో. 2021లో వచ్చింది. 110 పీఎస్, 140 ఎన్‌ఎమ్. ఇంజిన్ అంత ఉరకలు వేయదు, కానీ మలుపుల్లో స్థిరంగా ఉంటుంది. బాడీ గట్టిది. అదే కంపెనీ 2018లో తెచ్చిన టియాగో జేటీపీ 114 పీఎస్‌తో నిజమైన అల్లరి పిల్ల, కానీ అరుదు. దాని ప్రత్యేకమైన పార్టులు దొరకడం కష్టం.

ఫియట్ అబార్త్ పుంటో. 2015లో వచ్చింది, 145 పీఎస్, 212 ఎన్‌ఎమ్. దీనిమీద మోజు నాకూ ఉంది. అయినా ఇంట్లో రెండో కారుంటేనే, ఫియట్ బాగా తెలిసిన మెకానిక్ దగ్గరలో ఉంటేనే కొనండి.

120 పీఎస్ ఐ20 ఎన్ లైన్ కూడా మనసులో ఉంటుంది, కానీ మంచి కండిషన్‌లో ఉన్నది సాధారణంగా ఈ బడ్జెట్ దాటిపోతుంది. బడ్జెట్‌లో దొరికితే ఎందుకంత తక్కువకు ఇస్తున్నారో ముందు కనుక్కోండి.

ఈ జాబితాలోంచి రెండే మోడళ్లు ఎంచుకోండి. ఐదారు మోడళ్లు చూస్తూ పోతే ఏది మామూలు చప్పుడో ఏది జబ్బో చెవికి అలవాటవదు. ఒకే మోడల్ మూడు కార్లు నడిపితే నాలుగోదాని లోపం మీకే తెలిసిపోతుంది.

## 4. ఫోన్‌లోనే సగం వడపోయండి

కారు చూడ్డానికి వెళ్లే ముందు ఈ ప్రశ్నలు అడగండి.

- మీరే ఓనరా, మధ్యవర్తా? ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంది?
- ఎన్నో ఓనర్? ఎప్పుడు కొన్నారు, ఎందుకు అమ్ముతున్నారు?
- లోన్ ఉందా? ఉంటే క్లోజ్ చేశారా?
- సర్వీస్ బిల్లులున్నాయా? ఇంజిన్ ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారు, ఏ గ్రేడ్ పోశారు?
- ఇంజిన్‌లో, ఎగ్జాస్ట్‌లో, సాఫ్ట్‌వేర్‌లో మార్పులేమైనా చేశారా?
- యాక్సిడెంట్, వరద క్లెయిమ్ ఏదైనా ఉందా?

ఆయిల్ ప్రశ్న చాలా పని చేస్తుంది. టర్బో కారును ప్రేమగా చూసుకున్న ఓనర్ గ్రేడుతో సహా టక్కున చెబుతాడు. "షోరూంవాళ్లే చూసుకుంటారండీ" అంటే తప్పేమీ లేదు, బిల్లులు చూపించాలి. రెండూ లేకపోతే వెళ్లకండి.

చివర్లో ఒక మాట చెప్పండి: "నేను వచ్చేదాకా కారు స్టార్ట్ చేయకండి." అలాగేనన్నవాళ్ల దగ్గరికే వెళ్లండి.

## 5. కాగితాలు ముందు, కారు తర్వాత

కారు చూసి మనసు పారేసుకున్నాక కాగితాల్లో లోపం కనబడినా సర్దుకుపోతాం. అందుకే ముందు కాగితాలు.

ఆర్‌సీ. ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టండి. ఓనర్ వరుస, రిజిస్ట్రేషన్ తేదీ, ఇంధనం రకం, ఇన్సూరెన్స్ గడువు, లోన్ వివరం ఆర్‌సీతో సరిపోవాలి. ఛాసిస్ నంబర్‌ను కారు మీద ఉన్న అంకెలతో ఒక్కొక్కటీ పోల్చండి. అంకెల దగ్గర గీకినట్టు, మళ్లీ పెయింట్ వేసినట్టు ఉంటే అక్కడితో ఆపేయండి.

ఇన్సూరెన్స్ పాలసీ. ఇందులో నో క్లెయిమ్ బోనస్ శాతం చూడండి. క్లెయిమ్ లేని ప్రతి ఏడాదికీ అది 20, 25, 35, 45, 50 శాతం వరుసలో పెరుగుతుంది. ఆరేళ్ల కారు మొదటి నుంచీ ఒకే ఓనర్ దగ్గర ఉండి, పాలసీలో బోనస్ సున్నా అని ఉంటే, ఈమధ్యే క్లెయిమ్ చేసి ఉండవచ్చు, లేదా పాలసీ గడువు దాటి చాలా కాలం రెన్యువల్ చేయకపోయి ఉండవచ్చు. ఏది జరిగిందో అడగండి. 50 శాతం ఉంటే సాధారణంగా ఆ ఓనర్ వరుసగా ఐదేళ్లు క్లెయిమ్ చేయలేదని అర్థం. సొంత డబ్బుతో రిపేరు చేయించారేమో కారు చూసినప్పుడు తేలుతుంది.

చలాన్లు. తెలంగాణ, ఆంధ్ర ఈ-చలాన్ సైట్లలో నంబర్ కొట్టి చూడండి. ఓవర్ స్పీడ్ చలాన్లు దండిగా ఉంటే ఆ కారు ఎలా నడిచిందో తెలుస్తుంది.

వేరే రాష్ట్రం కారు. బెంగళూరు, పుణె కార్లు ధర తక్కువగా కనబడతాయి. అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, కొత్త నంబర్ తీసుకోవాలి. ఆ ఖర్చంతా కలిపి చూస్తే చాలాసార్లు లాభం మిగలదు. ట్యాక్స్ ఎంతో ఆర్‌టీఏలో కనుక్కున్నాకే బేరానికి వెళ్లండి.

## 6. చల్లటి ఇంజిన్‌తో తనిఖీ

పగటి వెలుగులో, తడి లేని కారు చూడండి. అప్పుడే కడిగిన కారు మీద నీటి మెరుపు పెయింట్ తేడాను దాచేస్తుంది. వీలైతే మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. ఆయనకిచ్చే వెయ్యి, రెండు వేలు దండగ కావు.

బాడీ. కారు మూలన వంగి, ఒక చివర నుంచి రెండో చివరకు పక్కభాగం పొడుగునా చూడండి. అలల్లా కనబడితే పుట్టీ పెట్టారు. డోర్లు, బానెట్, డిక్కీ మధ్య సందులు రెండు పక్కలా సమానంగా ఉండాలి. బానెట్, ఫెండర్ బోల్టుల తలల మీద పెయింట్ చెదిరి ఉంటే వాటిని విప్పారన్నమాట.

డోర్ల రబ్బరు బీడింగ్ కొంచెం లాగి, కింద స్పాట్ వెల్డింగ్ గుంటలు చూడండి. కంపెనీ వెల్డింగ్ చిన్న గుండ్రటి గుంటల్లా, సమాన దూరంలో ఉంటుంది. గరుకుగా, గీతలా ఉంటే పిల్లర్‌కు దెబ్బ తగిలింది. బంపర్, డోర్ టింకరింగ్ పర్వాలేదు. పిల్లర్, ముందు అప్రాన్ (బానెట్ కింద ఇంజిన్ పక్కలుండే లోపలి రేకు), ఛాసిస్ రైలు దెబ్బతిన్న కారు ఎంత చవకైనా వద్దు. హ్యాచ్‌బ్యాక్‌లో డిక్కీ కింద స్టెప్నీ గుంట కూడా చూడాలి. వెనక నుంచి గుద్దిన ఆనవాళ్లు అక్కడే దాక్కుంటాయి.

అద్దాలు, సీట్ బెల్టులు. అద్దాల మూలల్లో ముద్ర ఉంటుంది. అన్నీ ఒకే బ్రాండు, ఒకే ఏడాదివి కావాలి. ఒక పక్క అద్దం మాత్రం వేరైతే ఆ పక్క ఏమైందో అడగండి. సీట్ బెల్ట్ పూర్తిగా బయటికి లాగితే చివర్లో తయారీ తేదీ లేబుల్ ఉంటుంది. అది కారు తయారీ నెలదో, అంతకు ముందుదో అయి ఉండాలి. తర్వాతిదైతే బెల్ట్ మార్చారు. పెద్ద యాక్సిడెంట్‌లో ఎయిర్‌బ్యాగులు పేలినప్పుడే సాధారణంగా బెల్టులు మారుస్తారు.

టైర్లు. పక్క గోడ మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. 30 వేల కిలోమీటర్లు తిరిగిందంటున్న కారుకు టైర్లు ఇప్పటికే రెండుసార్లు మారితే మీటర్ తిప్పారేమో అనుమానించండి. స్టీరింగ్ తోలు, గేర్ నాబ్, క్లచ్ పెడల్ రబ్బరు అరుగుదల కూడా ఆ లెక్కకు సరిపోవాలి. టైరు ఒక అంచే అరిగితే అలైన్‌మెంట్ గానీ, సస్పెన్షన్ గానీ పాడైందని అర్థం.

ఇంజిన్. బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే అప్పటికే స్టార్ట్ చేశారు. అప్పుడు వెళ్లిపోయి, ఇంకో రోజు రండి.

- ఆయిల్ డిప్‌స్టిక్ తీయండి. మీగడలా తెల్లగా ఉంటే కూలెంట్ కలుస్తోంది. కారు వదిలేయండి.
- ఆయిల్ పోసే మూత లోపల నల్లటి మడ్డి పేరుకుంటే ఆయిల్ సమయానికి మార్చలేదు. టర్బో ఇంజిన్‌కు ఇది చాలా పెద్ద మైనస్.
- కూలెంట్ రంగు స్వచ్ఛంగా ఉండాలి. తుప్పు నీళ్లలా ఉంటే కుళాయి నీళ్లు పోశారు.
- స్టార్ట్ చేసినప్పుడు మొదటి సెకన్లు చెవి పెట్టి వినండి. టైమింగ్ చైన్ ఉన్న ఇంజిన్‌లో గలగల చప్పుడు రెండు మూడు సెకన్లు దాటితే మెకానిక్‌కు వినిపించండి.
- ఒకరు సైలెన్సర్ దగ్గర నిలబడాలి. నీలం పొగ అంటే ఆయిల్ మండుతోంది. తెల్ల పొగ ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం.

ఇథనాల్ సంగతి. ఇప్పుడు బంకుల్లో ఎక్కువగా దొరికేది ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలే. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన చాలా కార్లు అందుకోసం తయారు కాలేదు. పెట్రోల్ మూత లోపలి స్టిక్కర్, ఓనర్ మాన్యువల్ చూడండి. పాత కారైతే ఫ్యూయల్ లైన్ రబ్బరు గొట్టాల్లో పగుళ్లు, పెట్రోల్ వాసన ఉన్నాయేమో చూసి, అవసరమైతే మొదటి సర్వీసులోనే మార్పించండి.

## 7. వరదలో మునిగిన కారును గుర్తుపట్టడం

2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2023 డిసెంబర్‌లో చెన్నై, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ. నీళ్లలో నానిన కార్లు తర్వాత శుభ్రంగా తయారై వేరే ఊళ్లలో అమ్మకానికి వస్తుంటాయి. ఈ కార్లలో ఎలక్ట్రికల్ సమస్యలు ఆరు నెలలకో ఏడాదికో మొదలవుతాయి.

- సీట్ బెల్ట్ చివరిదాకా లాగండి. కింది భాగంలో బురద గీత, మరక ఉంటాయి.
- సీటు కింద పట్టాల మీద, బోల్టుల మీద తుప్పు చూడండి.
- కార్పెట్ మూల ఎత్తి కింది ఫోమ్ నొక్కండి. తడి, ముక్కవాసన తెలుస్తాయి.
- డాష్‌బోర్డ్ కింద టార్చ్ వేయండి. వైర్ల కట్టల మధ్య ఆరిన సన్నటి మట్టి ఉంటే కడగడం వాళ్లవల్ల కాలేదు.
- కారు నిండా అత్తరు వాసన కొడితే అద్దాలన్నీ మూసి పది నిమిషాలు కూర్చోండి.

పైన చెప్పిన ఊళ్ల రిజిస్ట్రేషన్ కారైతే వరద తేదీల తర్వాతి సర్వీస్ రికార్డు తప్పకుండా అడగండి.

## 8. టెస్ట్ డ్రైవ్: కనీసం 40 నిమిషాలు

ఇన్సూరెన్స్ అమల్లో ఉందని చూసుకున్నాకే స్టీరింగ్ పట్టుకోండి. వీధి చివరిదాకా వెళ్లి వచ్చేది టెస్ట్ డ్రైవ్ కాదు. ట్రాఫిక్, గతుకులు, ఖాళీ రోడ్డు మూడూ తగలాలి. పాటలు, ఏసీ రెండూ ఆపి మొదలుపెట్టండి.

మొదటి ఐదు నిమిషాలు ఓనర్‌ను నడపమనండి. చల్లటి టర్బో ఇంజిన్‌ను వెంటనే 5,000 ఆర్‌పీఎమ్‌కు లాగితే ఆయన రోజూ అలాగే నడుపుతాడు. ఆ కారు నాకు వద్దు.

తర్వాత మీ వంతు.

క్లచ్, గేర్లు. 40 వేగంలో నాలుగో గేర్ వేసి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎమ్ ముల్లు లేచి కారు వేగం లేవకపోతే క్లచ్ ప్లేట్ అయిపోయింది. మూడు నుంచి రెండుకు దించినప్పుడు గరగరమంటే సింక్రోమెష్ (గేర్లు సాఫీగా కలిసేలా చేసే రింగు) అరిగింది.

టర్బో లాగుడు. ఖాళీ రోడ్డు మీద మూడో గేర్‌లో 1,500 నుంచి 5,000 దాకా ఒకే ఊపులో లాగండి. బలం ధారగా రావాలి. మధ్యలో తడబడితే స్పార్క్ ప్లగ్, ఇగ్నిషన్ కాయిల్, బూస్ట్ పైపు లీక్ అనుమానించాలి. ఈల లాంటి సన్నటి శబ్దం మామూలే, సైరన్‌లా గట్టిగా వస్తే కాదు. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో వాల్వ్‌ల మీద కార్బన్ పేరుకుని ఐడ్లింగ్‌లో వణుకు రావచ్చు.

బ్రేకులు. వెనక ఎవరూ లేనప్పుడు 80 నుంచి గట్టిగా తొక్కండి. కారు పక్కకు లాగకూడదు. స్టీరింగ్ వణికితే డిస్కులు వంకర తిరిగాయి.

సస్పెన్షన్. స్పీడ్ బ్రేకర్ మీద ఒక పక్క చక్రాలే ఎక్కేలా వెళ్లండి. టక్ టక్ చప్పుడు వస్తే లింక్ రాడ్, బుష్‌లు. గతుకు తర్వాత ఒక్క ఊపుతో ఆగకుండా రెండు మూడుసార్లు ఊగితే షాక్ అబ్జార్బర్లు పోయాయి. ఇవన్నీ మార్పించుకోవచ్చు, భయపడి కారు వదలొద్దు. ఖర్చు లెక్కేసి బేరంలో తగ్గించండి.

స్టీరింగ్. నేరుగా ఉన్న రోడ్డు మీద ఒక్క క్షణం పట్టు సడలించండి, కారు పక్కకు పోకూడదు. చక్రం పూర్తిగా తిప్పి మెల్లగా వెళ్తే కటకటమంటే సీవీ జాయింట్ (ఇంజిన్ బలాన్ని చక్రానికి చేర్చే కీలు) అరిగింది.

తిరిగొచ్చాక ఏసీ పూర్తిగా పెట్టి పది నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచండి. రేడియేటర్ ఫ్యాన్ తిరగాలి, టెంపరేచర్ కదలకూడదు. ఆపి, ఐదు నిమిషాల తర్వాత మళ్లీ స్టార్ట్ చేయండి. వేడి మీద స్టార్ట్ కావడానికి ఇబ్బంది పడే కార్లు ఇక్కడ బయటపడతాయి.

## 9. డీఎస్‌జీ పోలో చూస్తున్నారా? ఇది అదనం

1.2 టీఎస్‌ఐలో ఉన్నది డ్రై క్లచ్ 7 స్పీడ్ డీఎస్‌జీ. గేర్లు మార్చే వేగం చూస్తే ముచ్చటేస్తుంది. మన ఎండకూ, నత్తనడక ట్రాఫిక్‌కూ అది వేడెక్కుతుంది. క్లచ్ ప్యాక్, మెకట్రానిక్ యూనిట్ (గేర్లు మార్చే కంట్రోల్ యూనిట్) పోతే బిల్లు లక్ష దాటవచ్చు.

అరగంట నడిపి వేడెక్కాక పరీక్షించండి.

- డ్రైవ్‌లో పెట్టి బ్రేక్ మెల్లగా వదలండి. వణుకు లేకుండా జారుకుంటూ కదలాలి.
- ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి మారేటప్పుడు కుదుపు ఉండకూడదు.
- రివర్స్ నుంచి డ్రైవ్‌కు మార్చితే ఆలస్యం లేకుండా పట్టాలి.
- మీటర్‌లో గేర్ గుర్తు మెరుస్తూ ఉంటే ఆ కారును అంతటితో వదిలేయండి.

గేర్‌బాక్స్ పని చేయించామంటే బిల్లు చూడండి. బిల్లుతో సహా కొత్త క్లచ్ ప్యాక్ ఉన్న కారు, ఎప్పుడూ ముట్టుకోలేదని చెప్పే కారు కంటే నయం.

## 10. ట్యూన్ చేసిన కారు

ఈ కార్లకు సాఫ్ట్‌వేర్ రీమ్యాప్ (పవర్ పెరిగేలా ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చడం) చేయించడం మామూలైపోయింది. మంచి ట్యూనర్ దగ్గర చేయించి, ఆయిల్, ప్లగ్గులు తరచూ మార్చిన కారు ఉంటే ఉండొచ్చు. అయినా తక్కువ బడ్జెట్‌లో కొనేవాళ్లకు మార్పులేవీ లేని కారే సరైనది. అదనపు టార్క్ క్లచ్ మీద, గేర్‌బాక్స్ మీద ఎంత భారం వేసిందో బయటికి కనబడదు. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ సమయంలో అడ్డు తగులుతుంది.

అమ్మేముందు కంపెనీ సాఫ్ట్‌వేర్ ఫైల్‌ను తిరిగి ఎక్కించేవాళ్లున్నారు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులు, ఎగ్జాస్ట్ బోల్టులు మిగతావాటికంటే కొత్తగా మెరుస్తుంటే అడగండి.

## 11. స్కానర్, లిఫ్ట్

ఫోన్‌కు కలిపే ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే పరికరం) వెయ్యి, రెండు వేలకు దొరుకుతుంది. ఫాల్ట్ కోడ్‌లు లేవని చూసి ఆగిపోవడం అందరూ చేసే పొరపాటు. మీరు రావడానికి గంట ముందు కోడ్‌లు చెరిపేసి ఉండవచ్చు. "రెడీనెస్ మానిటర్లు" (కారు తనను తాను చేసుకునే పరీక్షలు) అనే పేజీ తెరవండి. చాలావరకు "పూర్తి కాలేదు" అని చూపిస్తే కోడ్‌లు ఈమధ్యే చెరిపారు, లేదా బ్యాటరీ తీశారు. వారం ఆగి మళ్లీ చూస్తానని చెప్పండి.

నచ్చిన కారును డబ్బిచ్చే ముందు లిఫ్ట్ మీద ఎక్కించండి. ఆయిల్ లీకులు, చిట్లిన బుష్‌లు, ఛాసిస్ మీద కొత్త వెల్డింగ్, కింద రాసుకుపోయిన గుర్తులు పది నిమిషాల్లో కనబడతాయి. లిఫ్ట్‌కు ఒప్పుకోని ఓనర్ దగ్గర బయానా ఇవ్వొద్దు.

## 12. బేరం

బయట అమ్మకానికి ఉన్న అదే మోడల్, అదే ఏడాది కార్ల ధరలు ఐదారు రాసుకోండి. మీరు పట్టుకున్న లోపాలకు మెకానిక్ చెప్పిన ఖర్చు పక్కన రాయండి. "అన్నా, టైర్లకు 28 వేలు, షాక్‌లకు 16 వేలు అవుతుంది, ఇదిగో ఎస్టిమేట్" అంటే ఎదుటివాళ్లు వింటారు. కారును తిట్టి ధర తగ్గించాలనుకుంటే ప్రేమగా చూసుకున్న ఓనర్ నొచ్చుకుంటాడు, మంచి కారు చేజారుతుంది.

బయానా ఆన్‌లైన్‌లో, ఓనర్ ఖాతాకే పంపండి. కారు నంబర్, మొత్తం ధర, మిగిలిన సొమ్ము ఎప్పుడిస్తారు, కాగితాలు సరిగా లేకపోతే బయానా వెనక్కి అన్న నాలుగు మాటలు రాయించుకోండి.

## 13. పేరు మార్పిడి

- ఫారం 29, ఫారం 30 మీద ఓనర్ సంతకాలు. ఖాళీ ఫారాల మీద సంతకం తీసుకుని నెలల తరబడి పెట్టుకోకండి.
- లోన్ ఉంటే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ. ఇవి చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు.
- వేరే రాష్ట్రం కారైతే ఎన్‌ఓసీ కోసం ఫారం 28.
- డెలివరీ తీసుకున్న తేదీ, సమయం రాసిన కాగితం మీద ఇద్దరి సంతకాలు. అంతకుముందు చలాన్లు ఆయనవి, తర్వాతివి మీవి.
- 14 రోజుల్లో ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్చుకోండి. థర్డ్ పార్టీ కవర్ కారుతోపాటే వస్తుంది. పాలసీ మీ పేరు మీద లేకపోతే సొంత కారు డ్యామేజీ క్లెయిమ్ తిరస్కరిస్తారు. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, ఆ తేడా కట్టాలి.
- పాత ఫాస్టాగ్ ఆయన మూయించాలి, కొత్తది మీ పేరున తీసుకోవాలి.

## 14. మొదటి నెలలో చేయాల్సిన పనులు

కారు ఇంటికొచ్చిన వారంలోనే సర్వీస్ చేయించండి. "మొన్ననే చేయించా" అన్నా సరే. ఆ రోజు నుంచి మీ లెక్క మొదలవుతుంది.

- ఫుల్ సింథటిక్ ఇంజిన్ ఆయిల్, మాన్యువల్‌లో రాసిన గ్రేడే. ఆయిల్, ఎయిర్, ఏసీ ఫిల్టర్లు
- స్పార్క్ ప్లగ్గులు, కూలెంట్
- బ్రేక్ ఫ్లూయిడ్. దీన్ని అందరూ మరిచిపోతారు. పాతబడితే ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పెడల్ మెత్తబడిపోతుంది
- టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజిన్‌లో అది మార్చిన బిల్లు లేకపోతే మెకానిక్‌కు చూపించండి
- ఐదేళ్లు దాటిన టైర్లు. నాలుగూ ఒకే బ్రాండు, ఒకే రకం వేయించండి
- చివరగా అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్. సస్పెన్షన్ పని ముందు, అలైన్‌మెంట్ తర్వాత. తిరగేస్తే డబ్బులు రెండుసార్లు పెట్టాలి

పెద్ద అలాయ్ వీల్స్, సౌండ్ సిస్టమ్, రీమ్యాప్ ఆర్నెల్లు ఆపండి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక చల్లటి ఇంజిన్‌లో డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూడండి. గుర్తుకు బాగా కిందికి దిగి, కింద కారిన మరక కూడా లేకపోతే ఇంజిన్ లోపల ఆయిల్ తాగుతోంది. ఆలస్యం చేయకుండా టర్బో షాఫ్ట్ వదులైందేమో, ఇంజిన్ కంప్రెషన్ ఎలా ఉందో రెండూ పరీక్ష చేయించండి.